పెళ్ళిచూపుల్లో కూర్చోని పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో నాకూ నా కుడికాలికీ అస్సలు పడేది కాదు. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. పొద్దస్తమానం గచ్చు మీద, అరిగిన చెప్పులతో నిలబడటం వల్ల పాదం బిగుసుకుపోయేది. నడుస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. కాసేపు కూర్చుని లేచానా, మడమ నేలకి ఆననిచ్చేది కాదు. కాస్త కుంటితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది.

సరిగ్గా అప్పుడే కొల్లేటి పక్క ఊళ్ళో పెళ్ళిచూపులు కుదిరాయి. ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు ఆ అమ్మాయే కావాలి. సలహాలకు పెట్టింది పేరైన మా మావయ్య ఏలూరు బస్టాండులోనే హెచ్చరించాడు. "ఒరేయ్, కూర్చున్నావంటే లేచేటప్పుడు కుంటుతావు. కుంటావంటే సంబంధం గోవిందా! ఏమైనా సరే, కూర్చోకు." బస్సులో కూడా నిలబెట్టే తీసుకెళ్ళాడు మహానుభావుడు (సీట్లు ఖాళీగానే ఉన్నాయి).

"ఆయ్, కూర్చోండి బాబూ," అన్నారు అమ్మాయి నాన్నగారు.

"పర్లేదండీ, ఇలాగే బాగుందండీ!"

పకోడీలు నిలబడి తిన్నాను. కాఫీ నిలబడి తాగాను. కాలు బిగియకుండా గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూ, ఇల్లు కొనడానికి వచ్చినవాడిలా ఫ్యాను రెగ్యులేటరు దాకా అన్నీ పరిశీలించాను. మావయ్య మాత్రం సోఫాలో చేరగిలబడి, శభాష్ అన్నట్టు కళ్ళెగరేస్తున్నాడు. అమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను పట్టు వదల్లేదు (అంటే, తిరగడం ఆపలేదు). ఇంతలో తలుపు చాటు నుంచి వాళ్ళ నాయనమ్మగారి గుసగుస వీధి దాకా వినబడింది.

"పాపం, కుర్రాడికి మొలలేమోనర్రా! ఆ మెత్తటి దిండు వెయ్యండి."

"మొలలు కాదండీ, కాలండీ!" అని అరిచేశాను. అక్కడితో ఊరుకున్నానా? దబ్బున కుర్చీలో కూలబడి, కాసేపాగి లేచి, కుంటి మరీ చూపించాను. మావయ్యకి కాఫీ పొలమారింది. అయిపోయింది, సంబంధం పోయిందనుకుని నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమ్మాయి పకపకా నవ్వేసింది. "పొద్దున్నే మంచం దిగగానే ఇంకా ఎక్కువగా ఉంటుందాండీ?"

"ఉంటుందండీ!"

"నేనూ నిలబడి పాఠాలు చెప్పేదాన్నేనండీ, నాకూ ఉండేది," అంటూ లోపలికెళ్ళి అప్పడాల కర్ర తెచ్చింది. "అరికాలి కింద పెట్టి మెల్లగా దొర్లించండి. మంచం దిగే ముందు తువ్వాలు పాదానికేసి మీ వైపు లాక్కోండి. మెత్తటి చెప్పులు కొనుక్కోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలండోయ్."

"అయ్యో, నా అప్పడాల కర్రే!" అంటున్నారు నాయనమ్మగారు. నేను తలొంచుకుని దొర్లిస్తున్నాను.

"ఎన్నాళ్ళు చెయ్యాలండీ?" అన్నాను.

"పెళ్ళయ్యాక నేను చూసి చెప్తాను లెండి," అని సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

కాలు కొన్ని నెలల్లో దారికొచ్చింది. ఇప్పుడు సెలవు రోజున కుర్చీలో కూలబడ్డానంటే "ఏవండీ, కాస్త లేవండీ" అని ఆవిడ గొంతు పోయేలా పిలవాలి. ఆవిడ కోసం అంతసేపు నిలబడిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడిమీద కొంచెం అసూయగా కూడా ఉంటుంది.