పిక్క నొప్పికి నేనిచ్చిన మందు

మా బావ పోయాడని మొన్న ఆదివారం పొద్దున అక్క ఫోన్ చేసింది. అప్పుడే దుకాణం షట్టర్ సగం ఎత్తాను. మళ్ళీ దించేసి బయల్దేరాను.

బావది పద్మనాభం దగ్గర పల్లెటూరు. పోర్టులో సరుకులెత్తే వించ్ నడిపేవాడు. నేను గోపాలపట్నంలో మందుల షాపు పెట్టినప్పుడు అరలన్నీ తనే బిగించాడు. "నొప్పితో వత్తారు బావ, ముందు కూకోబెట్టు" అని ఒక స్టూలు తెచ్చి వేశాడు. నన్నూ బావ అనే పిలిచేవాడు.

తొంభైల చివర్లో తన నడక మారింది. బస్సు దిగి షాపుకొచ్చే కాస్త దూరంలోనే మూడుచోట్ల ఆగేవాడు. పళ్ళబండి దగ్గరో, సైకిల్ షాపు దగ్గరో ఎవరితోనో మాట కలిపేవాడు. కుడి పిక్క పట్టేస్తోందని, నిమిషం నిలబడితే పోతోందని, నడిస్తే మళ్ళీ వస్తోందని చెప్పేవాడు. కబుర్ల కోసం ఆగుతున్నాడని నేను నవ్వేవాణ్ణి. బామ్ ఇచ్చాను. బి-కాంప్లెక్స్ ఇచ్చాను. రెండేళ్ళు అవే ఇచ్చాను. బీడీ మానమని మాత్రం ఒక్కసారీ గట్టిగా చెప్పలేదు.

స్టూలు మీద కూర్చుని ప్యాంటు పైకి లాగి బామ్ రాసుకునేవాడు. ఆ కాలి మీద వెంట్రుకలు రాలిపోయి చర్మం నున్నగా మెరిసేది. చూశాను. చెప్పు కరిచిన పుండు నెలైనా మానలేదు. షుగరేమోనని పరీక్ష చేయిస్తే లేదన్నారు. ఇద్దరం ఊరుకున్నాం.

కాలి వేలు నల్లబడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు నా చెయ్యి పట్టుకుని ముందు ఎడమ పాదం మీద, తర్వాత కుడి పాదం మీద పెట్టించాడు. ఒకటి వెచ్చగా ఉంది. రెండోది ఐసులోంచి తీసిన చేపలా ఉంది. బీడీలకు రక్తనాళాలు పూడుకుపోయి కాలికి రక్తం అందడం లేదన్నాడు. నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గడం దానికి గుర్తని, అప్పుడే వచ్చుంటే కాలు దక్కేదేమోనని అన్నాడు. నేనేం చేస్తుంటానని అడిగాడు.

మోకాలి పైదాకా కుడి కాలు తీసేశారు. నావల్లే అయిందని ఒకరోజు బావ దగ్గర ఏడ్చాను.

"నీకేటి తెల్సు బావ. నొప్పని సెప్పాను గానీ, ఆగితే పోతందని నాను సెప్పలేదు కదా" అన్నాడు.

చెప్పాడు. చాలాసార్లు చెప్పాడు.

ఇప్పుడు కాళ్ళు పీకుతున్నాయని ఎవరొచ్చినా ఎంత దూరం నడిస్తే వస్తోందో అడుగుతాను. చెప్పులు విప్పించి రెండు పాదాలూ పట్టుకు చూస్తాను. అనుమానం వస్తే మందివ్వకుండా డాక్టరు దగ్గరికి పంపేస్తాను.

కొన్నేళ్ళకు బావ గుండె కూడా మొరాయించింది. పోయే ముందు వారం చూడ్డానికి వెళ్ళాను. వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు.

"బావ, కుడి పాదం మీద దోమ వాలింది. కాస్త తోలు" అన్నాడు.

అక్కడ దుప్పటి పరుపుకు అంటుకుపోయి ఉంది. నేను వంగి, పాదం ఉండాల్సిన చోట చెయ్యి ఆడించాను.

"ఎల్లిపోయింది" అని బావ కళ్ళు మూసుకున్నాడు.