పోస్ట్‌మ్యాన్ నడవని వీధి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానం లేని మనిషి లేడు. అందరిలోకీ ఘనుడు మా తాతయ్య, అంటే అమ్మకు నాన్న. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఆయన. మేము టొరంటోలో ఉన్నప్పుడు ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చి, దిగిన మర్నాటి నుంచే ఆ దేశాన్ని అనుమానించడం మొదలుపెట్టాడు. బయట చలి ఎంతో ఫోన్‌లో చూపిస్తే నమ్మేవాడు కాదు, బాల్కనీ తలుపు తీసి చెయ్యి బయట పెట్టి చూసుకునేవాడు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారంటే ఆ రెండోదాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి లోపం వెతికేవాడు. పాలు మన దగ్గరలాగే ప్లాస్టిక్ సంచుల్లో అమ్మడం ఒక్కటే అక్కడ ఆయనకు నచ్చిన సంగతి.

ఆ చలికాలంలోనే నాన్నకు కిచెనర్ అనే చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగం, కాదనడానికి లేదు. కానీ మా అమ్మకు ఫిట్స్ వచ్చేవి. ఏడాదికి ఒకటో రెండో, ఎప్పుడు వస్తాయో తెలియదు. అందుకని ఆమె కారు నడపకూడదు. టొరంటోలో ఆ లోటు తెలిసేది కాదు. మెట్రో స్టేషన్, కూరగాయల కొట్టు, తను పుస్తకాలు సర్దే లైబ్రరీ, నా బడి, అన్నీ కాలినడకనే. భుజాన సంచీ తగిలించుకుని ఎవరినీ అడగకుండా బయలుదేరేది మా అమ్మ. చిన్న ఊళ్ళో కారు లేనిదే గడప దాటలేరని ఎవరో చెప్పినప్పటి నుంచీ ఆమె మాటలు తగ్గిపోయాయి. నాన్న ఏ ఇల్లు చూపించినా "మీ ఇష్టం" అనేది. తాతయ్యతో మాత్రం ఒకసారి వంటింట్లో, "పాలకు కూడా ఒకరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలేమో నాన్నా" అంది. నేను ఫ్రిజ్ పక్కనే ఉన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం నాకు బాగా గుర్తు.

అవి కాలేజీల్లో చదువుల కోసం మన పిల్లలు తండోపతండాలుగా కెనడాలో దిగుతున్న రోజులు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఎనిమిదిమంది. పొద్దున ఇల్లు ఖాళీ అని ప్రకటన పడితే సాయంత్రానికి ఉండేది కాదు. ఇళ్ళవాళ్ళకు అద్దెకొచ్చేవాళ్ళ మీద అనుమానం, అద్దెకొచ్చేవాళ్ళకు ఇళ్ళవాళ్ళ మీద అనుమానం, మా నాన్నకు స్టూడెంట్ల మీద అనుమానం. కొత్త ఇల్లు కావాలి, తూర్పు ముఖం కావాలి, వీధిలో స్టూడెంట్లు ఉండకూడదు, ఇవీ ఆయన షరతులు. రాత్రంతా గోల, ఇంటి ముందు పాత పరుపులు, ఎవరొస్తారో ఎవరు పోతారో తెలియదని ఆయన వాదన. అమెరికాలో చదువుకునే రోజుల్లో ఒక గదిలో ఆరుగురం పడుకున్నామని కథలు కథలుగా చెప్పినవాడూ ఆయనే. ఆ సంగతి తాతయ్య నవ్వుతూ గుర్తు చేస్తే నాన్న మాట మార్చేసేవాడు.

ఒక శనివారం నలుగురం కిచెనర్ వెళ్ళాం. అప్పటికి మాకు మిగిలినవి రెండే ఇళ్ళు. చూపించిన ఏజెంటు అంకుల్ మన తెలుగాయనే, అరచేతిలో వైకుంఠం చూపించగలడు. మొదటిది ఊరి అంచున కొత్తగా కట్టిన టౌన్‌హౌస్. తూర్పు ముఖం, తెల్లటి వంటిల్లు, గోడలకు ఇంకా రంగు వాసన. కిరాణా పది నిమిషాలు, బడి ఐదు నిమిషాలు, అంతా వాకబుల్ అండీ, నడిచే వెళ్ళిరావచ్చు అని ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని తాతయ్య నా చెవిలో గొణిగాడు. రెండోది ఊరి మధ్యలో పాత ఇటుకల ఇల్లు. పడమర ముఖం, కిర్రుమనే మెట్లు. పక్కింటి వరండాలో ఏడు జతల బూట్లు చూడగానే నాన్న మొహం ముడుచుకుంది. తాతయ్య మాత్రం ఆ ఇంటి తలుపు దగ్గర ఆగిపోయాడు. తలుపుకి ఉత్తరాలు లోపలికి జారవేసే ఇత్తడి రేకు ఉంది. దాన్ని వేలితో ఎత్తి వదిలాడు, మళ్ళీ ఎత్తి వదిలాడు.

లోపల ఆయన చేసిన పని నేనొక్కదాన్నే చూశాను. అందరూ మేడ మీదికి వెళ్ళగానే మెడలోని గోధుమరంగు మఫ్లర్ తీసి, మడతపెట్టి, వంటింటి అలమరలో వెనక్కి తోసేశాడు. నేను నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టాడు. ఎవరిదైనా తీసుకుంటే దొంగతనం అని నాకు నేర్పారు గానీ, మనది మనమే వదిలేసి రావడాన్ని ఏమనాలో తెలియలేదు. తాతయ్యకు మతి తప్పుతోందేమోనని ఆ పూటంతా ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నాను.

ఆ రాత్రి మోటెల్‌లో పడుకున్నాం. తెల్లారేసరికి జానెడు మంచు. టౌన్‌హౌస్ విషయం ఆదివారం మధ్యాహ్నంలోగా తేల్చకపోతే వేరేవాళ్ళకు వెళ్ళిపోతుందని ఏజెంటు చెప్పడంతో, సంతకాలు చేద్దామని నాన్న పొద్దున్నే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. వాళ్ళు కాగితాలు పరుచుకుంటుంటే తాతయ్య నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచాడు.

అప్పటికి పది దాటింది. వీధి పొడుగునా తెల్లగా ఉంది. ఒక్కో ఇంటి ముందు నుంచీ కారు చక్రాల గుర్తులు రోడ్డు మీదికి వెళ్ళాయి. పక్కన మనుషులు నడిచే సైడ్‌వాక్ మీద మాత్రం ఒక్క అడుగు కూడా లేదు. తాతయ్య వంగి వంగి చూస్తూ మూల దాకా వెళ్ళాడు. అక్కడ ఇనప పెట్టెలు వరసగా, అరలు అరలుగా ఉన్నాయి. ఏమిటివని అడిగితే, వీధి మొత్తానికి ఉత్తరాలు ఇందులోనే వేస్తారని, వ్యానులో వచ్చి వేసి పోతారని నేను ఇంగ్లీషులోనే చెప్పాను. ఆయన ప్రశ్న తెలుగు, నా జవాబు ఇంగ్లీషు, మా ఇద్దరి మధ్యా అలాగే నడిచేది.

"పోస్ట్‌మ్యాను గూడా నడవని వీధి అన్నమాట" అన్నాడు. ఈసారి నాతో కాదు, ఆ పెట్టెలతో అన్నట్టు, "ఇక్కడ నా కూతురు పడిపోతే ఎంతసేపటికి చూస్తార్రా?" అన్నాడు.

పాల కోసమో కూరల కోసమో ఆయన ఇంత ఆరాటపడుతున్నాడని అంతవరకూ అనుకున్నాను. అప్పుడర్థమైంది నాకు. అంత మంచు మీద అమ్మ ఒక్కతే పడి ఉన్నట్టు కళ్ళ ముందు కనబడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తన వానాకాలపు డ్యూటీ సంగతి దారిలో చెప్పుకొచ్చాడు. బురదలో అడుగులు చూస్తే ఏ ఇంటికి మనుషులు వస్తూ పోతూ ఉన్నారో, ఏ ఇంట్లో ముసలాయన రెండు రోజులుగా బయటికి రాలేదో తెలిసిపోయేదట. మనుషులు అబద్ధం చెబుతారు గానీ బురద చెప్పదన్నాడు. మంచూ అంతేగా అన్నాడు.

లోపలికి వచ్చేసరికి నాన్న పెన్ను తీస్తున్నాడు. తాతయ్య మెడ తడుముకుని, మఫ్లర్ నిన్న ఆ ఇంట్లో మరిచిపోయానని మెల్లగా బయటపెట్టాడు. దారిలో కొత్తది కొందామని నాన్న అన్నాడు.

"అది మీ అత్తగారు అల్లింది బాబూ" అన్నాడు తాతయ్య.

పోయిన అత్తగారు అల్లిన మఫ్లర్‌ను వద్దనగల అల్లుడు ఎక్కడుంటాడు? పెన్ను మూతపెట్టి నాన్న కారు తీశాడు. వెనక సీట్లో తాతయ్య కిటికీలోంచి బుద్ధిమంతుడిలా బయటికి చూస్తున్నాడు.

పాత ఇంటి వీధిలో మంచు తొక్కి తొక్కి ఉంది. పెద్ద బూట్లు, చిన్న బూట్లు, కుక్క అడుగులు, పిల్లల బండి లాగిన చార. నాన్నా ఏజెంటూ మఫ్లర్ వెతకడానికి లోపలికి వెళ్ళారు. అమ్మ కారులోనే ఉండిపోయింది. పక్కింటి మెట్ల మీదనుంచి అప్పుడే దిగిన అడుగులు కొన్ని విడిగా కనిపిస్తే తాతయ్య వాటి వెంట పడ్డాడు, ఆయన వెంట నేను. మూడో మలుపులో ఆ అడుగుల మనిషి కనబడింది. నల్ల జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి, భుజాన సంచీ. ఆమె ఆగితే మేమూ ఆగాం, ఆమె నడిస్తే మేమూ నడిచాం. ఆమె గిరుక్కున తిరిగి ఇంగ్లీషులో ఎవరు మీరని గద్దించింది. తాతయ్య కంగారులో "అమ్మడూ, ఏమందే?" అని నన్నడిగాడు. తెలుగు మాట వినగానే ఆ అక్క మొహం మారింది. అనుమానం మాత్రం పోలేదు.

"ఏంది తాతా, నా ఎంబడి పడ్డరు? ఏం కావాలె?"

తాతయ్య దాచలేదు. ఆ ఇల్లు అద్దెకు చూస్తున్నామనీ, కూతురికి ఫిట్స్ వస్తాయనీ, కారు నడపలేదనీ అంతా చెప్పేశాడు. ఎవరికీ ఇంటి సంగతులు చెప్పని మనిషి, నడివీధిలో ముక్కూమొహం తెలియని పిల్లకు చెబుతుంటే నేను తెల్లబోయాను. ఆమె వింటూ వింటూ నడవడం మొదలుపెట్టింది, మేమూ పక్కనే నడిచాం. కిరాణా కొట్టు, పక్కనే మందుల షాపు, ఎదురుగా ట్రామ్ ఆగేచోటు, రెండు వీధుల అవతల లైబ్రరీ, ఒక్కొక్కటీ చూపించింది. మూల ఇంటాయన మంచు తీయడని, అక్కడ జారుతుందని, అమ్మను అవతలి వైపు నడవమనమని చెప్పింది. ఆమె పాలు కొనుక్కుంది, ముగ్గురం తిరిగొచ్చాం.

నాన్న వాకిట్లో మఫ్లర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేము ఆ అక్కతో రావడం చూసి ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. ఆమె తలూపి తనింటి మెట్లెక్కబోతుంటే, ఈ ఇల్లు ఇంకెవరైనా అడుగుతున్నారా అని సూటిగా అడిగాడు. ఏజెంటు ఏదో అడ్డం చెప్పబోయాడు. ఆమె ఆగి, ఒక క్షణం నేల చూసింది.

"మా దోస్తులే అంకుల్, ముగ్గురు. నెల సంది తిరుగుతున్నరు. మీరు తీసుకోకుంటే వాళ్ళు తీసుకుందురు" అని, తాతయ్య వైపు తిరిగి, "కానీ ఆంటీకి ఈ ఇల్లే మంచిగుంటది తాతా" అంది. తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య ఆ తలుపు వైపు నుంచి నాన్న వైపు తిరిగాడు. అప్పుడు ఆయన అన్న మాట ఇది. "బాబూ, తనకు లాభమొచ్చే మాట చెప్పేవాణ్ణి అనుమానించు. తనకు నష్టమొచ్చే మాట చెప్పిందాన్ని కూడా అనుమానిస్తే ఇంక మనం ఎవరినీ నమ్మలేం." నాన్న పడమర ముఖం గురించి ఏదో అన్నాడు, కానీ గొంతులో పట్టు లేదు.

అప్పుడు కారు తలుపు చప్పుడైంది. అమ్మ దిగింది. సంచీ భుజాన వేసుకుని, మా అడుగులు పడిన దారినే నడిచి మలుపు తిరిగింది. నాన్న వెళ్ళబోతే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఏజెంటు నాలుగుసార్లు గడియారం చూసుకున్నాడు. మలుపులో అమ్మ మళ్ళీ కనిపించింది, బుగ్గలు ఎర్రగా, చేతిలో పాల సంచి.

"నేనే వెళ్ళి తెచ్చుకున్నా" అంది నాన్నతో. ఎన్నాళ్ళకో ఆమె నవ్వడం చూశాను. "ఈ ఇల్లే."

ఆ ఇల్లే తీసుకున్నాం. ఆ అక్క మాకు పక్కింటి అక్క అయింది. ఆమె స్నేహితులకు ఇల్లు ఎక్కడ దొరికిందో, అసలు దొరికిందో లేదో మేము అడగలేదు. అడగడానికి మాకు మొహం చెల్లలేదు. వేసవిలో తాతయ్య తెనాలి వెళ్ళిపోయాడు.

మరుసటి చలికాలం ఒక పొద్దున లైబ్రరీకి వెళుతూ అమ్మ ఫిట్స్ వచ్చి ఆ మూల ఇంటి ముందే పడిపోయింది. నాన్నకు ఫోన్ వచ్చి వెళ్ళేసరికి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టారు, తల కింద ఎవరిదో నీలం మఫ్లర్ మడతపెట్టి ఉంది. కుక్కతో వచ్చిన ఒక పెద్దావిడ కాపలాగా నిలబడింది. ఎవరో కాలేజీ కుర్రాడు పరుగున వచ్చి అంతా చేశాడని, అమ్మకు తెలివి వచ్చాకే క్లాసుకి వెళ్ళాడని, చూస్తే మీ దేశం వాడిలాగే ఉన్నాడని ఆవిడ చెప్పింది. స్టూడెంట్లున్న వీధి వద్దన్న మా నాన్న ఆ చలికాలమంతా పొద్దున్నే ఆ మఫ్లర్‌ను వరండా కటకటాలకు కట్టి, దారిన పోయే ప్రతి స్టూడెంట్‌నూ ఆపి నీదేనా అని అడిగాడు. తనదని ఎవరూ అనలేదు.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. ఎక్కడికి మారినా ముందు మంచు పడ్డ మర్నాడు వెళ్ళి అడుగులు చూస్తాను, ఆ తరువాతే ఇల్లు చూస్తాను. ఎవరు ఏం చెప్పినా, అందులో వాళ్ళకు లాభమెంతో ముందు చూసుకుంటాను. అదంతా తాతయ్య నుంచి వచ్చింది. నీలం మఫ్లర్ మాత్రం మా గుమ్మం పక్కన కొక్కానికి వేలాడుతూనే ఉంది. చలికి బయటికి వెళ్ళేటప్పుడల్లా దాన్ని ఒకసారి తాకుతాను. మేము తీసుకోకపోయుంటే ఆ పాత ఇంట్లో ఉండాల్సిన ముగ్గురిలో ఒకరిదేమో అది. రుజువు లేదు. నా జీవితంలో తీరని అనుమానం అదొక్కటే.