మంత్రగత్తె నోట మా ఆవిడ తిట్లు

ఒక రాజ్యంలో పంటలు మాడ్చేసి, రాజుగారి నాలుకను రాయి చేసి, ఏడు ఊళ్ల జనం నీడలు దొంగిలించిన మహా మాంత్రికుడి గొంతు నాదేనని మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి చెప్పాను. లిఫ్ట్‌లో చెప్పాను, పాల బూత్ దగ్గర చెప్పాను, గేటు దగ్గర కాపలా అతనికి హిందీలో కూడా చెప్పాను. అవన్నీ కోతలే. టీవీలో వచ్చే ఆ బొమ్మల సీరియల్లో మాంత్రికుడనేవాడే లేడు. ఉన్నది మంత్రగత్తె. ఆమెకు తెలుగులో గొంతిచ్చింది పాతికేళ్ల అమ్మాయి.

అప్పటికి మా ఆవిడ పోయి మూడు నెలలు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అమ్మాయి ఇంట్లోనే మేమిద్దరం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కణ్ణి. టీ ఇస్తే తాగేవాణ్ణి, స్నానానికి లెమ్మంటే లేచేవాణ్ణి. ఏడుపు రాలేదు. మిలిటరీలో చేసిన మనిషి, గుండె రాయి అన్నారు చూడవచ్చినవాళ్లు. నేనూ తలూపాను. మిలిటరీలో నేను చేసిందల్లా స్టోర్‌లో కూచుని జవాన్లకు దుప్పట్లు ఇవ్వడం.

మా పై అంతస్తులో ఉండే హైదరాబాద్ అతను నోయిడాలో ఒక డబ్బింగ్ స్టూడియోలో తెలుగు పని చూస్తాడు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపాడు.

"అంకుల్, మంత్రగత్తెల సీరియల్ ఒకటి తెలుగు చేస్తున్నం. ముసలి గొంతు కావాలె. ఖాళీగనే ఉన్నరు కద, రారాదు?"

వెళ్లాను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి తెర ముందు నిలబెట్టారు. మంత్రగత్తె చేతబడికి కొడుకును పోగొట్టుకున్న ముసలివాడి పాత్ర నాది. గుండెలు బాదుకుని ఏడవాలి.

"అంకుల్, కరెంటు బిల్లు చదివినట్టున్నది," అన్నాడతను.

మళ్లీ చదివాను. మళ్లీ బిల్లే. మూడోసారి తర్వాత నన్ను పక్కన కూచోబెట్టి టీ తెప్పించాడు. నా నటజీవితం అంతే.

ఇంతలో మంత్రగత్తె శాపం దగ్గర పని ఆగిపోయింది. కాగితంలో "నీ ఆత్మ శాశ్వతాంధకారంలో విలీనమగుగాక" అని ఉంది. తెరమీద బొమ్మ పెదవులు మూసేసుకున్నా, గొంతిచ్చే అమ్మాయి ఇంకా శాశ్వతం దగ్గరే ఉంది. అతను తల పట్టుకున్నాడు.

"మీ దిక్కు ముసలోళ్లకు కోపమొస్తే ఏమంటరు అంకుల్? చిన్నగ ఉండాలె."

"నీ దుంపతెగ," అన్నాను.

పెదవులకు అతికినట్టు సరిపోయింది. ఇంకోటి అడిగాడు. "నీ జిమ్మడ," అన్నాను. ఇంకోటి అడిగాడు. "నీ గిన్నెకి మూత దొరక్కపోను!" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

"ఇదెక్కడిది అంకుల్?"

మా వంశంలో చేతబడి తెలిసినవాళ్లున్నారు, తాటాకుల్లో ఉంది అని చెప్పాను. అది మా ఆవిడ తిట్టు. సొంత తయారీ, మరొకరి నోట నేను వినలేదు. పాలు పొంగిపోయినా, కోతి బాల్కనీలోంచి చపాతీ ఎత్తుకుపోయినా అదే మాట. నన్ను అనేటప్పుడు మాత్రం మర్యాదగా "మీ గిన్నెకి" అనేది. వారం రోజులు స్టూడియోకి వెళ్లి ఆవిడ తిట్లన్నీ ఒక్కొక్కటే తీసి ఇచ్చేశాను, ఆవిడ చీరలు పంచిపెట్టినట్టే. చీరలప్పుడూ నాకేమీ అనిపించలేదు.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతుంది. తాతయ్య గొంతు కోసం ఆ సీరియల్‌ను తెలుగులో పెట్టుకుని చూడటం మొదలుపెట్టింది. ముసలి గొంతు వినపడగానే "యే ఆప్ హో?" అని, అది నేనేనా అన్నట్టు నావైపు తిరిగేది. "నేనొచ్చేసరికి నువ్వు మంచం కింద దూరతావ్," అనేవాణ్ణి.

నాలుగో భాగంలో మంత్రగత్తె రాజు మీదికి వేలు చూపి, నీ గిన్నెకి మూత దొరక్కపోను అని అరిచింది. పిల్ల టీవీ ఆపింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది.

"యే తో అమ్మమ్మ హై."

వంటింట్లోంచి మా అమ్మాయి గరిటె పట్టుకుని వచ్చింది. తనూ ఒకసారి విన్నది.

"నాన్నా, అమ్మ మాటలు వాళ్లకిచ్చేశారా?"

"అంటే... తెలుగు బాగుండాలని..."

"అమ్మమ్మ కో డాయన్ బనా దియా ఆప్‌నే!" అంది పిల్ల. అమ్మమ్మను మంత్రగత్తెను చేసేశానట. ఆ మాటలు వెనక్కి తెచ్చేయమంది. ఫోన్ చేశాను, ఇచ్చేస్తారు అన్నాను. చేయలేదు. రెండు రోజుల తర్వాత నిజంగానే చేస్తే, "అయిపోయింది కద అంకుల్, అన్నీ పంపేసినం," అన్నాడతను.

అప్పటినుంచి పిల్ల మంత్రగత్తె పక్షం చేరింది. రాజు సైనికులు కనబడితే కళ్లు మూసుకునేది. చివరి భాగం వచ్చిన శనివారం మధ్యాహ్నం రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూచుంది గానీ నొక్కలేదు.

"తాతయ్యా, డాయన్ చచ్చిపోతుందా?" తెలుగులోనే అడిగింది.

నాకు తెలుసు. అక్కడే కూచున్నాను కదా. చావదు, గుడ్లగూబై ఎగిరిపోతుంది అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

"నిజం చెప్పాలి, సచ్ బోల్‌నా. హాస్పిటల్‌లో కూడా మీరే చెప్పారు, అమ్మమ్మ సోమవారం వచ్చేస్తుందని."

చెప్పాను. డాక్టర్లందరూ నా మాట వింటారని కూడా చెప్పాను. ఇక ఆశ లేదని వాళ్లు నాతో అన్నది ఆ ఉదయమే.

"చచ్చిపోతుంది," అన్నాను. "కాలి బూడిదైపోతుంది."

"అప్పుడు ఏమంటుంది?"

"ఏమీ అనదు."

కాగితంలో పెద్ద శాపమే ఉంది. తీసేయమన్నది నేను. చివరి పది రోజులూ మా ఆవిడ ఎవరినీ ఒక్క తిట్టూ తిట్టలేదు. నేను మందు ఆలస్యం చేస్తే, పరవాలేదండీ అంది. అలా అన్నప్పుడే నాకు తెలిసిపోయింది, డాక్టర్లకన్నా ముందే.

పిల్ల రిమోట్ పక్కన పెట్టి, సోఫా మూలలో ముడుచుకుని చాలాసేపు ఏడ్చింది. నేను దాని వీపు మీద చెయ్యి వేసి కూచున్నాను. ఆ భాగం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ రోజు తాతా మనవరాలూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని మా అమ్మాయి చుట్టాలకు ఫోన్లో చెబుతుంటుంది. అప్పుడు తను ఇంట్లో లేదు. తనకలా చెప్పింది నేనే. పిల్ల ఒక్కతే ఏడ్చింది.