తాళాల తాత కోసం వెతుకుతున్నారా?

డూప్లికేట్ ఈమధ్య బస్టాండు వెనక సందులోంచి వెళ్ళడం మానేశాడు. ఇంటికి అదే దగ్గర దారి. అయినా సరే, పెద్ద రోడ్డంతా చుట్టి, సిగ్నల్ దగ్గర పొగంతా పీల్చుకుని, ఆపసోపాలు పడుతూ ఇల్లు చేరుతున్నాడు. ఎందుకని భార్య అడిగితే నడక ఒంటికి మంచిదన్నాడు. పక్క వీధికి కూడా బండి మీద వెళ్ళే మనిషికి ఉన్నట్టుండి నడక మీద ప్రేమ ఎందుకు పుట్టిందో ఆవిడకి అర్థం కాలేదు.

అతని అసలు పేరు ఇంట్లోనే ఉండిపోయింది. మీసాలైనా రాని వయసులో తాళాల దుకాణంలో పనికి కుదిరాడు. ఉన్న తాళంచెవిని చూసి అచ్చం అలాంటిదే ఇంకొకటి కోయడం అప్పట్లో అతని పని. ఎవరైనా వచ్చి నిలబడగానే యజమాని "ఒరేయ్, డూప్లికేట్!" అని కేకేసేవాడు. పనిని పిలుస్తున్నాడో మనిషిని పిలుస్తున్నాడో తెలియక కుర్రాడు రెండింటికీ పలికేవాడు. ఇప్పుడతనికి పెళ్ళయింది, కూతురు పుట్టింది, నెత్తిన జుట్టు పలచబడింది, సొంత దుకాణమూ వచ్చింది. పేరు మాత్రం మారలేదు.

ఆ యజమానినే ఊరంతా తాళాల తాత అంటుంది. బస్టాండు వెనక సందులో, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాల్సినంత గది ఆయనది. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. మొరాయించిన తాళం వస్తే ఆయన సన్నటి కమ్మీ లోపలికి పోనిచ్చి, దానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. "తాళంచెవి అని ఊరికే అనలేదురా. ఇక్కడ పెట్టాల్సింది చెవి, భుజం కాదు" అనేవాడు. డూప్లికేట్ పని మొత్తం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఊరు తాత అన్నా అతను మాత్రం బాబాయ్ అనే పిలుస్తాడు. తను పనికి చేరిన రోజుల్లో ఆయన గడ్డం నల్లగానే ఉండేది మరి. ఆయన భార్య అతనికి పిన్ని. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు గానీ, ఆ ఇంటికి మంచి పళ్ళు వస్తే సగం డూప్లికేట్ ఇంటికి వెళ్ళిపోతాయి.

సొంత దుకాణం పెట్టుకుంటానన్నప్పుడు కూడా ఆయన మొహం ముడుచుకోలేదు. తాళంచెవిని కదలకుండా పట్టే కొత్త వైసు తనే ఏరి కొనిపెట్టి, బల్లకి బిగించి, రెండు చేతులతో ఊపి చూసి మరీ వెళ్ళాడు. దుకాణం పెద్ద రోడ్డు మీద, ముందు అద్దాల తలుపు, లోపల మిలమిలలాడే కోత యంత్రం. కస్టమర్లే లేరు. రోజంతా డూప్లికేట్ ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు.

"ఇలాగే ఉంటే మీ షాపుకి మీరే తాళం వేసుకోవాల్సి వస్తుంది" అంది భార్య.

అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది. అతని ఉద్యోగమే వెబ్‌సైట్లకి జనాన్ని రప్పించడం. జోబులో రెండు ఫోన్లు, నోట్లో నాలుగు ఫోన్లకి సరిపడా మాటలు.

"పైసా పెట్టి ప్రకటనలేసే రోజులు పోయాయి బావా. జనం వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటూ రావాలి. ఊరికే వచ్చే జనం కాదు, మనక్కావలసిన జనం రావాలి. నాకొదిలెయ్" అన్నాడు.

వదిలేశాడు. బావమరిది ఒక పేజీ తయారు చేసి, "అన్ని రకాల తాళములు, నిపుణుల పర్యవేక్షణలో" అని గంభీరంగా రాసి పెట్టాడు. జనం రానైతే వచ్చారు. మొదట ఫోన్ చేసినావిడ తన కూతురికి పాట వచ్చుగానీ తాళం కుదరడం లేదని, వారానికి ఎన్ని క్లాసులు చెబుతారని అడిగింది. తర్వాత ఒకాయన మృదంగం కూడా నేర్పుతారా అన్నాడు. ఆ వారమంతా డూప్లికేట్ సంగీతం మాస్టారుగానే గడిపాడు. భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరే, తప్పు నాదే" అని బావమరిది ఒప్పుకుని, ఈసారి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "మనకి తోచిన మాట కాదు బావా, జనం ఏ మాట కొడుతున్నారో అది ఉండాలి పేజీలో. చూడు" అంటూ వెతుకులాట పెట్టెలో 'తాళాల' అని కొట్టాడు. అంతే, మిగతా మాట దానంతట అదే వచ్చి కూర్చుంది. తాళాల తాత.

"ఎవరు బావా ఈ తాత? ఊరు ఊరంతా ఈయన్నే వెతుకుతున్నట్టుంది. ఈయనకి చూస్తే ఒక పేజీ లేదు, పాడూ లేదు."

"మా బాబాయ్ రా. నీకు తెలుసుగా, సందులో ఉంటాడు."

"మరీ మంచిది! ఇంటి మాటే." బావమరిది టకటకా కొట్టి చూపించాడు. పేజీ నెత్తిమీద పెద్ద అక్షరాలతో, 'తాళాల తాత కోసం వెతుకుతున్నారా? ఇప్పుడే ఫోన్ చేయండి' అని ఉంది. కింద డూప్లికేట్ నంబరు.

"తప్పు కదూ?" అన్నాడు డూప్లికేట్.

"ఇందులో అబద్ధం ఎక్కడుంది? ప్రశ్న అడిగాం, అంతేగా. ప్రశ్న అబద్ధం ఎలా అవుతుంది బావా?"

ఈ మాటకి జవాబు డూప్లికేట్‌కి తెలుసు. ఎవరో బలవంతం చేశారని చెప్పుకోవడానికి కూడా లేదు, బావమరిది వద్దంటే మానేసే మనిషే. ఇతను వద్దనలేదు.

ఫోన్లు మొదలయ్యాయి. తాళాల తాత అని కొట్టేవాడు కాలక్షేపానికి కొట్టడు. వాడు తన గుమ్మం ముందే నిలబడి, చేతిలో పాల ప్యాకెట్లతో, లోపల స్టవ్ మీద ఏదో మాడుతుంటే కొడతాడు. సరిగ్గా కావలసిన జనం, కావలసిన వేళకి, పైసా ఖర్చు లేకుండా. డూప్లికేట్ నక్కని తొక్కి వచ్చాడని పక్క షాపులవాళ్ళు అనుకున్నారు. కాకపోతే ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా మొదటి మాట ఒకటే. "తాత రాలేదా?"

"నేనాయన శిష్యుణ్ణండీ" అనేవాడు. అది నిజమే. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఒకరోజు ఒక టీచరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. వాళ్ళమ్మ నాటి ఇనప బీరువా, తాళం తిరగడం లేదు. తాత తప్ప ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదంది.

"ఆయన్నే పంపించు బాబూ. ఎన్నాళ్ళైనా ఆగుతాను."

డూప్లికేట్ సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, "తాతకి చేతులు వణుకుతున్నాయండీ. ఇప్పుడు పనంతా నేనే చూస్తున్నాను" అన్నాడు.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! "అయ్యో పాపం" అంటూ టీచరమ్మ పక్కకి తప్పుకుంది. బీరువా శుభ్రంగా తెరుచుకుంది. మెట్లు దిగుతుంటే డూప్లికేట్‌కి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. ఇంకెప్పుడూ అననని ఒట్టు పెట్టుకున్నాడు. మర్నాడు ఇస్త్రీ బండాయన ఇంటి దగ్గర మళ్ళీ అదే మాట అన్నాడు. రెండోసారి అంత కష్టం అనిపించలేదు. అసలు బాధంతా అక్కడే ఉంది. ఆ మాట అన్ని గుమ్మాల్లోనూ మాస్టర్ తాళంచెవిలా తిరిగింది. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. చెప్పి చెప్పి, చివరికి అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

సందులోంచి వెళ్ళడం మానేసింది అప్పుడే. పిన్ని పంపిన పళ్ళు కూతురు తింటుంటే తేలు కుట్టిన దొంగలా ఇంకో గదిలోకి వెళ్ళిపోయేవాడు. బాబాయ్‌కి పెద్దవయసు వచ్చింది, ఎలాగూ పని తగ్గించుకోవాల్సినవాడే కదా అని మనసుకి సర్దిచెప్పబోయాడు. మనసు వినలేదు.

ఒక మధ్యాహ్నం అద్దాల తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. ఇంతకు ముందెప్పుడూ ఆవిడ దుకాణానికి రాలేదు. స్టూలు లాగి కూర్చుని, చెమట తుడుచుకుని, సంజాయిషీ ఏమీ అడగకుండానే విషయంలోకి వచ్చింది.

"మీ బాబాయ్ షాపు తియ్యట్లేదురా. నువ్వు రావట్లేదు కాబట్టి నీకు తెలీదు. మొన్న కూరలకెళితే టీచరమ్మ కనబడి, తాతగారి చేతులెలా ఉన్నాయండీ అంది. నాకేం అర్థం కాలేదు. ఇటు తిరిగితే ఇస్త్రీ ఆయనా అదే మాట. నోరు మూసుకోక ఇంటికెళ్ళి ఈయనకి చెప్పాను. అదీ నేను చేసిన బుద్ధితక్కువ పని."

"ఏమన్నాడు?"

"నవ్వేశాడు ముందు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి చేతులు వెలుతుర్లో పెట్టుకుని చూసుకోవడం మొదలెట్టాడు. టీ గ్లాసు నిండా పోయించుకుని, ఒలుకుతుందా లేదా అని చూసుకుంటాడు. అంతలా చూసుకుంటూ పట్టుకుంటే ఎవరికి ఒలకదురా? ఒలికింది. అంతే, ఊరందరికీ కనబడింది నాకే కనబడలేదన్నమాట అని షట్టర్ దించేశాడు. పక్కనున్న బేకరీవాళ్ళు ఆ గది అడుగుతున్నారు. రేపు మాటిచ్చేస్తానంటున్నాడు."

డూప్లికేట్ పిన్ని కళ్ళలోకి చూడలేక కోత యంత్రం మీద లేని దుమ్ము తుడిచాడు.

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నేను చెబితే పెళ్ళాం కదా అలాగే అంటుందంటాడు. పనివాడి చెయ్యి ఇంకో పనివాడికే తెలుస్తుందట. నీ మాటైతే వింటాడు."

ఆవిడ వెళ్ళగానే డూప్లికేట్ బావమరిదికి ఫోన్ చేశాడు. పేజీలో ఆ మాట తీసెయ్యమన్నాడు.

"పిచ్చెక్కిందా బావా? ఇప్పుడు అందరికంటే పైన ఉన్నాం. తీసేస్తే పాతాళానికి పోతాం."

"పోనియ్. నేను చెప్పినట్టు రాయి. తాళాల తాత ఇక్కడ లేరు. బస్టాండు వెనక సందులో ఉన్నారు. ఆయన చేతులు బాగున్నాయి."

"చేతులు బాగున్నాయనా? ఆ మాట కొట్టి ఎవడైనా వెతుకుతాడా బావా?"

"రాయరా!" అని అరిచాడు డూప్లికేట్. పెళ్ళయినప్పటినుంచీ బావమరిది మీద అతను గొంతెత్తడం అదే మొదటిసారి.

సాయంత్రం దగ్గర దారినే వెళ్ళాడు. బాబాయ్ ఇంట్లో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పనిముట్లేవీ లేవు. అలా ఖాళీ బల్ల ముందు ఆయన్ని డూప్లికేట్ ఎప్పుడూ చూడలేదు.

"రారా. దారి తప్పావేంటి?" అన్నాడు ఆయన. మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనుకున్నాడు డూప్లికేట్.

చెప్పాడు. నిలబడే చెప్పాడు, కూర్చుంటే చెప్పలేనేమోనని. పేజీ సంగతి, తాత కోసం వెతుకుతున్నారా అన్న మాట, కింద తన నంబరు, వచ్చిన ఫోన్లు. ఇవన్నీ ఆయనకి సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. కానీ వింటున్నకొద్దీ ఆ మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది.

"అంటే... వాళ్ళంతా నన్నే వెతికారా?"

"నిన్నే బాబాయ్."

"నన్ను మర్చిపోయారనుకున్నాను కదరా!" ఆయన వంటింటి వైపు తిరిగి, "విన్నావా? ఊరంతా నాకోసమే వెతుకుతోందట!" అని కేకేశాడు. పిన్ని టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ నిలబడింది. డూప్లికేట్‌కి అక్కడితో ఆపి పారిపోవాలనిపించింది. ఆపితే ఆపుకోవచ్చు కూడా. ఆయన అంత సంతోషంగా ఉన్నాడు.

"మరి నేనేననుకుని పిలిచారు కదా, నువ్వు కనబడితే ఏమన్నారు? నువ్వేం చెప్పావు వాళ్ళకి?"

డూప్లికేట్ గోడకి ఆనుకున్నాడు.

"నీకు చేతులు వణుకుతున్నాయని చెప్పాను బాబాయ్."

పిన్ని "నువ్వా?" అంది. గ్లాసులు అలాగే పట్టుకుని గుమ్మంలో ఉండిపోయింది.

ఆయన తిట్టలేదు. చెంప మీద ఒక్కటిచ్చినా డూప్లికేట్ ప్రాణం కుదుటపడేది. ఆయన రెండు చేతులూ చాచి, వేళ్ళు విడదీసి, బల్లకి జానెడు ఎత్తులో పట్టుకున్నాడు.

"పోనీ, చూడు. చూసి చెప్పు. వణుకుతున్నాయా?"

డూప్లికేట్ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. వణుకుతున్నాయి. కోపమో, దుఃఖమో, వయసో, ఇన్నాళ్ళూ చూసుకుని చూసుకుని పట్టుకున్న భయమో, అతనికి తెలియలేదు. కానీ వణుకుతున్నాయి.

"లేదు బాబాయ్" అన్నాడు.

ఆయన అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. చేతులు నెమ్మదిగా ఒళ్ళోకి తీసుకున్నాడు.

"వాళ్ళకీ ఇలాగే చెప్పుంటావు, రెప్పైనా వెయ్యకుండా" అన్నాడు. "నువ్వొక్కడివి చెబితే నమ్ముదామనుకున్నాను. ఇప్పుడు నేనెవర్ని అడగాలిరా?"