మడత పెట్టిన టికెట్

జపాన్ వంటల హోటల్లో వంటవాడిగా పనిచేసే తమ్ముడు మంచాన పడ్డాడు. నాలుగు రోజులుగా ముద్ద ముట్టనివాడు, పైపైన కాల్చి లోపల పచ్చిగా ఉంచే చేప ముక్కలు అడిగాడు. నందికొండ డ్యామ్ దగ్గర బతికున్న కొర్రమీను కొని బస్సెక్కాను. పక్కన కూర్చున్న చేపలమ్మే అవ్వకు సంగతి చెప్పాను.

"డ్యామ్ చేపను పచ్చిగ పెడ్తవా బిడ్డా? పురుగులుంటయి."

"వాడు వేరే ఏం ముడ్తలేడవ్వా," అని ఏడ్చేశాను.

అవ్వ తన బస్సు టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచింది. "లోపలిదాక కాల్చు. గీ మడతంత పలుచగ కొయ్యి. వంటోడు గద, కోత చూసి తింటడు."

చేపను లోపలిదాకా కాల్చి, ఆ టికెట్ పక్కన పెట్టుకుని కోశాను. తమ్ముడు ఒక ముక్కను వెలుతురుకెత్తి చూశాడు.

"లోపలిదాక కాలింది గదక్కా," అన్నాడు. ముక్క అంచును వేలితో తడిమి, "కోత మంచిగుంది," అని నోరు తెరిచాడు.