మార్చుకున్న వాగ్దానం

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయిపోగానే మా చర్చిలో స్టీలు పళ్ళెంలో వాగ్దానపు కార్డులు పట్టుకొస్తారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే, ఆ ఏడాదంతా దేవుడు మనతో చెప్పేది అదే. మా అక్కకు చెట్టులా వర్ధిల్లుతావని వచ్చింది. నాకు నోటిని కాచుకొమ్మని వచ్చింది.

వాగ్దానం అడిగితే వార్నింగ్ ఇచ్చారేమిటని, బస్సులో కిటికీ సీటు మార్చుకున్నంత తేలిగ్గా అక్కతో కార్డు మార్చుకున్నాను. అక్క మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది. ఆమెకు పోయేదేమీ లేదు.

అమ్మ చూడనే చూసింది. "దేవుడిచ్చింది మార్చుకుంటావేందిరా? ఆయన సూడలేదనుకున్నావా?"

"కళ్ళు మూసుకొని తీస్తిని గదమ్మా, అక్క కార్డుకు నా చెయ్యి తగిలింటాది."

రెండు వారాల తర్వాత, దేవుడు చేసిన మేలు లేచి అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మామ లేచాడు. మామంటే బంధువు కాదు. నగరిలో పవర్‌లూమ్ నడుపుతాడు, చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఇన్నేళ్ళలో సాక్ష్యానికి లేవడం అదే మొదటిసారి. గొంతు సవరించుకోవడానికే ఒక నిమిషం పట్టింది.

"మొన్న పొద్దున పనికి బయల్దేరితే బండి స్టార్ట్ కాలా. ఎంత తన్నినా కాలా. దేవుడే నన్ను ఆపినాడని..."

"దేవుడు కాదు మామా, ప్లగ్గు!"

మెల్లగానే అన్నాననుకున్నాను. పాటలు పాడేవాళ్ళలో కూర్చున్నాను, మైకు నా ముందే ఉంది.

చర్చంతా నవ్వింది. పాస్టరయ్య దగ్గొచ్చినట్టు నటించారు. మామ కూడా నవ్వి, కూర్చున్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. డోలక్ లేకపోయేసరికి ఆడవాళ్ళు రెండో చరణంలో ఉంటే మగవాళ్ళు ఇంకా పల్లవిలోనే తిరుగుతున్నారు.

కార్డు మార్చుకున్నా దేవుడు మాత్రం ఊరుకోలేదు. పాస్టరయ్య నాలుక గురించి ప్రసంగించారు. అది ముందు వరుసవాళ్ళకని సర్దుకున్నాను. అన్నం తింటూ నాలుక కరుచుకున్నాను. ఆకలి మీద ఉన్నాననుకున్నాను. చివరికి, రోజుకు పది మాటలు కూడా ఖర్చుపెట్టని నాయన నోరు విప్పాడు.

"నలుగుర్లో లేసి నిలబడేదానికి వానికి ఎంత ధైర్యం గావాల్నో తెల్సునా నీకు?"

ఈసారి వేరేవాళ్ళకని సర్దుకోలేదు.

శనివారం మామ పనిచేసే షెడ్డుకు వెళ్ళాను. అన్ని మగ్గాలూ ఒకేసారి దడదడలాడుతుంటే క్షమాపణైనా అరిచే అడగాలి.

"ఏమంటా ఉండావప్పా?" అన్నాడు మామ.

"తప్పయిందంటా ఉండా!"

"ఏందీ?"

ఉన్న గొంతంతా పెట్టి, "నాదే తప్పు మామా, మన్నించు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. షెడ్డంతా నా వైపు తిరిగింది. తమిళం తప్ప ఇంకేమీ రాని పెద్దాయన కూడా సంగతి గ్రహించి తలాడించాడు.

మామ నూలు పోగులు దులుపుకుంటూ అన్నాడు: "ప్లగ్గే అబ్బా. మార్పించినా. అయితే ఆ పొద్దు బండి కదల్లేదు గాబట్టే నేను ఇంట్లో ఉండా. పాపకు ఫిట్స్ వచ్చినాయి. మీ అత్త ఒక్కతే ఉండింటే ఏం జేసుండేది? ఎత్తుకొని ఆస్పత్రికి పరిగెత్తినా. ఇప్పుడు బాగుండాది. అది సెప్పాలనే లేచినా. నువ్వు సెప్పనిస్తే గదా!"

అంటే ఆ రోజు నేను సాక్ష్యాన్ని మొదట్లోనే కోసేశాను.

"రేపొచ్చి సెప్పు మామా. నేను నోరెత్తను."

"నిన్ను నమ్మేదెట్లా?"

"నీ పక్కనే కూసుంటా. నోరెత్తితే డోలక్ బదులు నన్ను వాయించు."

మామ ఈసారి నిజంగా నవ్వాడు.

మర్నాడు పాపను కూడా తీసుకొచ్చాడు. మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. నేను నోరెత్తలేదు. పాస్టరయ్య, "ఇంకెవరైనా?" అన్నారు. నవ్వించింది అందరి ముందు కాబట్టి షెడ్డులో అడిగిన క్షమాపణ సరిపోదని అప్పుడు తట్టింది. లేచి నిలబడ్డాను. అడ్డు తగలడానికి నాలాంటివాడు ఇంకొకడు చర్చిలో లేకపోవడం నా అదృష్టం. చివరిదాకా చెప్పనిచ్చారు.