ఫినాయిల్ నీళ్లు తాగిన గులాబీ

మట్టిలోని సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ చేసి, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. ఇవాళ పొద్దున మాక్ ఇంటర్వ్యూలో మా సారు నా చదువు గురించి అడిగారు. మొక్క తాను వండుకున్న చక్కెరలో కొంత వేర్ల గుండా మట్టిలోకి వదులుతుందని, దాన్ని తిని బతికే బ్యాక్టీరియా బదులుగా మొక్కకు పోషకాలు అందిస్తుందని చెప్పాను.

"అంటే చెట్టు పురుగులకు అన్నం పెడ్తదా? గిది చెప్తే నౌకరీ ఇయ్యరు, నవ్వుతరు," అన్నారు. క్లాసంతా నవ్వింది. నా రెజ్యూమెలో ఎమ్మెస్సీ కొట్టేసి, ఆ రెండేళ్లూ బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేసినట్టు రాశారు. తప్పు లేకుండా వచ్చేదాకా నాచేత అందరి ముందూ చెప్పించారు.

సాయంత్రం పంజాగుట్ట హాస్టల్‌కి బయల్దేరుతుంటే ఆయనే పిలిచారు. కిటికీలో ఆయన ముద్దుగా పెంచుకునే గులాబీ వాడిపోయింది. పురుగు పట్టకూడదని, క్లాసు తుడిచిన ఫినాయిల్ నీళ్లు రోజూ ఆ కుండీలోనే పోయిస్తారు. మట్టిలో తినేవాళ్లంతా చచ్చిపోయినా, పిచ్చి వేర్లు ఇంకా వడ్డిస్తూనే ఉండి ఉంటాయి.

"జర చూడమ్మా, గిట్ల ఎండిపోతుందేంది? నీకెరుకనే గదా," అన్నారు సారు.

"నాకేం తెలుసు సార్? రెండేళ్లు బెంగళూరులో టెస్టింగ్ చేశాను," అన్నాను. ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

రేపు మళ్లీ క్లాసు తుడుస్తారు, మళ్లీ పోస్తారు. నేను చెప్పను గాక చెప్పను. పాపం అనేవాళ్లు కింద కామెంట్లలో అనండి. గులాబీనా, నన్నా అన్నది మాత్రం స్పష్టంగా రాయండి.